నలుపు ముందా, ఐరన్ బిళ్ళలు ముందా?

శ్రావణమాసం వస్తే మా ఇంట్లో కుట్టు మిషన్ ఆగదు. రాజోలు దగ్గర పల్లెలో ఇరవై ఏళ్ళ నుంచి జాకెట్లు కుడుతున్నాను. వరలక్ష్మీ వ్రతానికి కొత్త చీరలు, ఆ నెలలోనే పెళ్ళిళ్ళు, అందరికీ రేపే కావాలి. పోయినేడాది పొద్దున్న ఏడింటికి కూర్చుంటే రాత్రి పదకొండింటికి లేచేదాన్ని. నడుం పట్టేసేది, మెడ తిరిగేది కాదు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి నొప్పి బిళ్ళ వేసుకుని పని కానిచ్చేదాన్ని. ఆ బిళ్ళలు మందుల షాపులో అడిగితే ఇచ్చేస్తారు. ఎందుకని గానీ, ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావని గానీ అడిగేవాళ్ళు లేరు.

మూడు వారాలయ్యేసరికి పొట్ట పైభాగంలో మంట మొదలైంది. రొమ్ము ఎముక ఆగిపోయే చోట, బొడ్డుకి జానెడు పైన, లోపల ఏదో కొరుకుతున్నట్టు ఉండేది. మా అత్తగారు వాములో ఉప్పు కలిపి నమలమన్నారు. పక్కింటి వదిన, పైత్యం చేసింది, జీలకర్ర కషాయం తాగమంది. మా ఆయన షాపు నుంచి గ్యాస్ బిళ్ళలు తెచ్చారు. ఎవరు ఏ వైద్యం చెప్పినా చివరికి అందరం ఒప్పుకున్న పేరు ఒకటే, గ్యాస్.

ఆ మాట గురించే ఇదంతా రాస్తున్నాను. మా వైపు గుండెల్లో మంట వస్తే గ్యాస్, కడుపు ఉబ్బరిస్తే గ్యాస్, కుడిపక్క నొప్పి వస్తే గ్యాస్, వీపులో పట్టేస్తే గ్యాస్. పేరు పెట్టేశాం కాబట్టి జబ్బు తెలిసిపోయిందనుకుంటాం. ఇక అడగడానికి ఏమీ మిగలదు. నా విషయంలో ఆరు నెలలు అలాగే గడిచిపోయాయి.

గ్యాస్ బిళ్ళ వేసుకుంటే తగ్గేది, అదీ నిజమే. రెండు రోజులు వేసుకుని, తగ్గగానే మానేసేదాన్ని. వారానికి మళ్ళీ వచ్చేది. పైగా అన్నం తిన్నాక మంట మొదలయ్యాక వేసుకునేదాన్ని. ఆ రకం బిళ్ళలు పొద్దున్నే పరగడుపున, తినడానికి అరగంట ముందు వేసుకుంటేనే సరిగ్గా పనిచేస్తాయని తర్వాత డాక్టరు చెబితే తెలిసింది.

కార్తీకం వచ్చింది. సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండి, చుక్కలు చూశాక భోంచేయడం మా అమ్మ నేర్పిన అలవాటు. మొదటి సోమవారం మధ్యాహ్నం రెండయ్యేసరికి కడుపులో మెలిపెట్టేసింది. మిషన్ మీద తల వాల్చి కూర్చున్నాను. సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి నాలుగు ముద్దలు పెరుగన్నం తినగానే నిప్పు మీద నీళ్ళు పోసినట్టు చల్లారిపోయింది. ఉపవాసం లేని రోజుల్లో కూడా రాత్రి ఒంటిగంటకో రెండింటికో మెలకువ వచ్చేది. వంటింట్లోకి వెళ్ళి రెండు బిస్కెట్లు తిని, గ్లాసుడు మజ్జిగ తాగితే పావుగంటలో తగ్గేది. మళ్ళీ నిద్రపట్టేది.

తింటే తగ్గుతోంది కాబట్టి అది జబ్బు కాదు, ఆకలి అనుకున్నాను. జబ్బంటే తిన్నది సయించకపోవాలి, మనిషి చిక్కిపోవాలి అని నా లెక్క. నేనేమో అస్తమానూ ఏదో ఒకటి తింటూ రెండు కిలోలు పెరిగాను. నన్ను చూసి ఎవరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు.

ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, వాకిట్లో ముగ్గు వేయడానికి లేచి ముందు దొడ్లోకి వెళ్ళాను. మోషన్ నల్లగా అయింది. మామూలుగా రంగు మారడం కాదు, రోడ్డు వేసేటప్పుడు పోసే తారులా జిగటగా, మెరుస్తూ ఉంది. రెండు చెంబులు పోసినా పింగాణీకి అంటుకుని పోలేదు. వాసన కూడా వేరు, ఇంతకు ముందు ఎప్పుడూ ఎరగనిది. ముందు రోజు ఏం తిన్నానా అని ఆలోచించాను. నువ్వులుండలు తిన్నట్టు గుర్తొచ్చింది, దాంతో మనసు సర్దుకుంది. నాలుగు రోజులు అలాగే అయింది. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి ఎవరితోనైనా ఏమని చెబుతాం?

పండక్కి ఒంట్లో శక్తి లేదు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి వెళ్ళాం. దేవుడి ప్రభలు భుజాలకెత్తుకుని కౌశిక కాలువ నీళ్ళలో దిగుతుంటే చూడాలని ఏటా నేనే అందరికన్నా ముందు నడిచేదాన్ని. ఈసారి తోటలోకి వెళ్ళేలోపే కళ్ళు బైర్లు కమ్మి ఒక కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుండిపోయాను. మా అమ్మాయి నా కళ్ళ కింద రెప్ప లాగి చూసి, "అమ్మా, తెల్లగా పాలిపోయావే" అంది.

మర్నాడు ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు చూసి, ఆడవాళ్ళకి నెలసరి వల్ల రక్తం తగ్గడం మామూలేనని ఐరన్ బిళ్ళలు రాశాడు. అవి వేసుకుంటే మోషన్ నల్లగా అవుతుంది, భయపడొద్దని కూడా చెప్పాడు. ఆ మాట విని నాకెంత నెమ్మదించిందో చెప్పలేను. నల్లగా అవుతుందని డాక్టరే చెప్పాక ఇక దిగులెందుకు? అంతకు ముందు నెలలో అయిన నలుపు కూడా ఆ మాటలో కలిసిపోయింది. నా మనసే దాన్ని అలా కలిపేసుకుంది.

మాఘంలో నొప్పి ఎక్కువైతే టౌన్లో ఒక ఆస్పత్రికి వెళ్ళాం. కూర్చోగానే నర్సు ఈసీజీ తీయాలంది. గ్యాస్‌కి ఈసీజీ ఎందుకు, డబ్బుల కోసం కాకపోతే అని మా ఆయన గొణిగారు. నాకూ అలాగే అనిపించింది. ఆవిడ మా మాట విని కూడా కోపం తెచ్చుకోకుండా, "పొట్ట పైన నొప్పి అంటే ముందు గుండె కాదని తేల్చుకోవాలమ్మా" అంది. గుండెకి కింది గోడ వైపు రక్తం అందకపోతే నొప్పి సరిగ్గా పొట్ట మీదే తెలుస్తుందట, వాంతి వచ్చినట్టు ఉంటుందట. మా బాబాయి గుర్తొచ్చారు. రొయ్యల చెరువు దగ్గర నుంచి వచ్చి, ఛాతీ పట్టేసింది, గ్యాస్‌లా ఉంది అని సోడా తాగి పడుకున్నారు. చెమటలు ధారగా పోశాయని పిన్ని చెబుతుంటుంది. పొద్దున్న లేవలేదు. ఆ ఆస్పత్రిలో నాకు చేసిన పనులన్నింట్లోకీ ఆ ఈసీజీయే సరైన పని అని ఇప్పటికీ అనుకుంటాను. పొట్ట పైన నొప్పితో పాటు చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో లాగడం ఉంటే ఏ బిళ్ళ కోసమూ వెతక్కుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

ఈసీజీ బాగుంది. తర్వాత కడుపు స్కానింగ్ తీశారు. లివర్, పిత్తాశయం, కిడ్నీలు అన్నీ బాగున్నాయన్నారు. స్కానింగ్‌లో ఏమీ లేదంటే ఇక కడుపులో ఏమీ లేనట్టే అనుకుని ఇంటికొచ్చేశాం. మళ్ళీ గ్యాస్ బిళ్ళలే రాసిచ్చారు. అవి నాలుగు రోజులు వాడి, ఎలాగూ పనిచేయట్లేదని విసుగొచ్చి మానేశాను. నొప్పి బిళ్ళలు మాత్రం మానలేదు, ఎందుకంటే అవి లేకపోతే మిషన్ దగ్గర కూర్చోలేను.

ఫాల్గుణంలో మా తమ్ముడు వచ్చి నన్ను చూసి ఒక్క మాట కూడా అనకుండా ఫోన్ తీసి రాజమండ్రిలో కడుపు జబ్బుల డాక్టరు దగ్గర పేరు రాయించాడు. ఎండోస్కోపీ చేయాల్సి రావచ్చు, రాత్రి తొమ్మిదికల్లా తినేసి, పొద్దున్న మంచినీళ్ళు కూడా తాగకుండా రమ్మన్నారట. తెల్లవారకుండానే బయల్దేరాం. తాటిపాక దాటి పి.గన్నవరం దగ్గరికొచ్చేసరికి పరగడుపు నొప్పి మొదలైంది. గోదావరి పాయ మీద కాలువని దాటించే అక్విడక్టు వంతెన మీద డొక్కా సీతమ్మ గారి పేరు కనబడింది. వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా ఆకలి తీర్చిన తల్లి ఆవిడ. నా సంచిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంది. చేయి దాని మీదే పెట్టుకుని కొత్తపేట, రావులపాలెం దాటి రాజమండ్రి దాకా వెళ్ళాను, విప్పలేదు.

ఆ డాక్టరు గారు పెద్దాయన. పాత చీటీలు, స్కానింగ్ కాగితం అన్నీ ముందు పెట్టి, "గ్యాసండి" అన్నాను. ఆయన కాగితాలు పక్కకి జరిపి, "ఆ మాట కాసేపు వదిలేద్దాం అమ్మా. నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించండి" అన్నారు. చూపించాను. అరచేయంతా పెట్టి రుద్ది చూపించేవాళ్ళు వేరు, ఒక్క వేలితో ఇదిగో ఇక్కడ అని పెట్టేవాళ్ళు వేరు అన్నారు.

ఎప్పుడొస్తుంది? తిన్నాక పెరుగుతుందా, తగ్గుతుందా? నిద్రలోంచి లేపుతుందా? వీపులోకి వెళ్తుందా? మింగేటప్పుడు అడ్డుపడుతుందా? బరువు తగ్గారా? వాంతిలో కాఫీ పొడి లాంటిది ఏమైనా పడిందా? ఒక్కొక్కటీ అడిగి, చెప్పేదాకా ఆగేవారు. రాత్రి రెండింటికి బిస్కెట్లు తినడం, కార్తీక సోమవారాలు, పెరుగన్నం, అన్నీ చెప్పాను. ఇంతకు ముందు ఎవరూ అడగలేదు, అడగనిది మనం చెప్పం. పరగడుపున, అర్ధరాత్రి వచ్చి, తింటే తగ్గే నొప్పి చాలాసార్లు చిన్నపేగు మొదట్లో పుండు ఉంటే వస్తుందట. అదే పుండు జీర్ణాశయంలో ఉంటే తిన్నాక ఎక్కువవుతుందట. అందరిలో అచ్చం ఇలాగే ఉండదు, కానీ దారి చూపిస్తుంది అన్నారు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండి."

"నడుం నొప్పికి గానీ, తలనొప్పికి గానీ, కాళ్ళ నొప్పులకి గానీ?"

అప్పుడు సంచిలోంచి అట్ట తీసి చూపించాను. డైక్లోఫెనాక్. రోజుకి రెండు చొప్పున ఏడు నెలలు. నొప్పి బిళ్ళని మందుల్లో కలపాలని నాకు తట్టలేదు. షాపులో ఉప్పులా పప్పులా కొనుక్కునేదాన్ని. ఆ మందు ఒంట్లో నొప్పి పుట్టించే రసాయనాలతో పాటు, కడుపు లోపలి పొరని కాపాడే వాటిని కూడా తగ్గించేస్తుందట. అందుకే అన్నం తిన్నాక వేసుకున్నా దాని దెబ్బ తప్పదట. ఇంజెక్షన్ చేయించుకున్నా అంతేనట.

తర్వాత మోషన్ రంగు అడిగారు. నలుపేనండి, ఐరన్ వేసుకుంటున్నాను కదా అన్నాను. అక్కడ ఆయన పెన్ను పక్కన పెట్టేశారు.

"నలుపు ముందా, ఐరన్ బిళ్ళలు ముందా?"

ఒక్క క్షణం నాకేమీ అర్థం కాలేదు. నెలల లెక్క చెప్పలేను గానీ, ముగ్గులు గుర్తున్నాయి. నలుపు చూసిన రోజున వాకిట్లో గొబ్బెమ్మల ముగ్గు వేశాను. ఐరన్ బిళ్ళలు తెచ్చింది కనుమ తర్వాత. అంటే నలుపే ముందు. చెబుతుంటేనే నా గొంతు వణికింది. మా తమ్ముడు నా వైపు చూశాడు.

ఐరన్ వల్ల వచ్చే నలుపు గట్టిగా, కాస్త పచ్చదనం కలిసి ఉంటుంది, జిగురుండదు, ఆ చెడ్డ వాసనా ఉండదు. పైపేగులో కారిన రక్తం కిందిదాకా దిగేలోపు జీర్ణమై తారులా మారుతుంది. టీ గ్లాసుడు రక్తం చాలు మోషన్ అలా అవడానికి. ఎర్రగా రాలేదు కాబట్టి అది రక్తమని ఎవరూ అనుకోరు. ఆయన ఇది చెబుతున్నంతసేపూ నాకు ఆ రెండు చెంబుల నీళ్ళే కళ్ళ ముందు ఆడాయి. చెంబులతో పోసేసింది నా రక్తమే.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది. నా వయసు ఆడవాళ్ళకి 12 ఉండాలి. 7 కిందకి దిగితే రక్తం ఎక్కించేవాళ్ళట. ఎర్రకణాలు చిన్నవైపోయాయి, ఒంట్లో ఐరన్ నిల్వలు దాదాపు అడుగంటాయి. నెలసరి వల్లే అనేశారని చెబితే, ఆడవాళ్ళలో చాలావరకు అదే కారణం, కానీ కడుపు నొప్పి, రక్తం తగ్గడం రెండూ కలిసి ఉంటే కడుపు లోపల చూడకుండా ఆ మాట అనకూడదు అన్నారు. స్కానింగ్ సంగతి అడిగాను. స్కానింగ్‌లో లివరూ, పిత్తాశయంలో రాళ్ళూ బాగా కనిపిస్తాయి. జీర్ణాశయం, పేగుల లోపలి పొర మీద ఉన్న పుండు కనిపించదు. అది చూడాలంటే గొట్టం లోపలికి వెళ్ళాల్సిందే. స్కానింగ్ కాగితం తప్పేమీ చెప్పలేదు. మేమే అది చెప్పని మాట కూడా చదువుకున్నాం.

ఎండోస్కోపీ అంటే ముందు రాత్రంతా నిద్రపట్టలేదు. గొంతులో గొట్టం దూరిస్తే ఊపిరాడదేమోనని భయం. అందుకే అది ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. నాలుక వెనకాల, గొంతులో చేదుగా ఉన్న మందు కొట్టారు. రెండు నిమిషాల్లో గొంతు మొద్దుబారింది, ఉమ్మి మింగితే మింగినట్టు తెలియడం లేదు. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టారు. గొట్టం మన చిటికెన వేలంత కూడా లేదు. "ముక్కుతో గాలి పీల్చండి, ఉమ్మి మింగొద్దు, బయటికి కారిపోనివ్వండి" అని నర్సమ్మ నా భుజం మీద చేయి వేసి చెబుతూనే ఉంది. గొంతు దాటేటప్పుడు రెండుసార్లు డోకు వచ్చింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాటాక నొప్పి లేదు, గాలి నింపడం వల్ల ఉబ్బరం మాత్రం ఉంది. గొట్టం దారి వేరు, ఊపిరి దారి వేరు. అది ముందే తెలిస్తే సగం భయం ఉండేది కాదు. మొత్తం ఐదారు నిమిషాలు. మరీ భయపడేవాళ్ళకి మత్తు ఇచ్చి కూడా చేస్తారు, నేను వద్దన్నాను.

తెర నాకు కూడా కనిపించింది. లోపలంతా తడిగా, గులాబీ రంగు సిల్కు గుడ్డ ముడతలు పడ్డట్టు ఉంది. జీర్ణాశయం దాటి చిన్నపేగులోకి తిరిగేచోట, ఆంత్రమూలం అంటారట, చొక్కా గుండీ అంత తెల్లటి మచ్చ, దాని చుట్టూ ఎర్రటి అంచు. "అదిగో, అదేనమ్మా" అన్నారు డాక్టరు గారు. పుండు అడుగు తెల్లగా శుభ్రంగా ఉంది కాబట్టి ప్రస్తుతం రక్తం కారడం లేదన్నారు. ఆ చోట పుండు కేన్సర్ అవడం చాలా అరుదని, జీర్ణాశయంలో పుండైతే తప్పకుండా ముక్క తీసి పరీక్షకి పంపేవాళ్ళమని చెప్పారు. నేను అడగలేకపోయిన ప్రశ్న అదే. ఆయనే చెప్పేశారు.

అయినా జీర్ణాశయం కింది భాగంలోంచి రెండు చిన్న ముక్కలు తీశారు. తీసినట్టు కూడా తెలియలేదు. ఒక ముక్కని చిన్న ప్లాస్టిక్ పెట్టెలో పసుపు రంగు జిగురులో గుచ్చి బల్ల మీద పెట్టారు. గొంతు మొద్దు వదిలేదాకా నీళ్ళు తాగొద్దని నన్ను పక్కనే కూర్చోబెట్టారు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ముక్క చుట్టూ ముందు నారింజ రంగు, తర్వాత గులాబీ రంగు. పావుగంట దాటేసరికి పెట్టె అంతా ఎర్రబడింది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఉంది. ఆ మాటే పైకి అన్నాను. డాక్టరు గారు నవ్వి, సూత్రం అదేనన్నారు. ఆ ముక్కలో హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉంటే, జిగురులో ఉన్న యూరియాని విరిచి అమ్మోనియా చేస్తుంది. అమ్మోనియాది సున్నం గుణం. అందుకే రంగు తిరుగుతుంది. కడుపులో అంత ఆమ్లం మధ్య ఆ క్రిమి బతికేదీ తన చుట్టూ ఆ అమ్మోనియా చేసుకునే. గ్యాస్ బిళ్ళ వేసుకుంటూ ఉంటే ఈ పరీక్షలో క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు. అందుకే లేదని వస్తే నమ్మలేం గానీ ఉందని వస్తే నమ్మొచ్చట. నేను విసుగొచ్చి మూడు వారాలు మానేసి ఉండడం ఈ ఒక్కదానికి మంచిదైంది.

"ఆవకాయ వల్లేనాండి?" అని అడిగాను. ఇంట్లో అందరూ నా పచ్చడి జాడీనే తిడుతున్నారు. కారం వల్ల మంట ఎక్కువ తెలుస్తుంది గానీ పుండు పుట్టదన్నారు. లోకమంతా కూడా చాలాకాలం కారం, టెన్షన్ వల్లే పుండ్లు అనుకుందట. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ క్రిమి సంగతి చెబితే ఎవరూ నమ్మలేదట. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగి, జబ్బు తెచ్చుకుని చూపించాడు. 2005లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ క్రిమి చాలామందికి చిన్నతనంలోనే నోటి ద్వారా ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఉన్న ప్రతివాళ్ళకీ పుండు అవదు. దానికి తోడు నొప్పి బిళ్ళలు కూడా పడితే ప్రమాదం బాగా పెరుగుతుంది. నాకు రెండూ కలిశాయి.

పద్నాలుగు రోజుల మందులు. ఆమ్లం తగ్గించే గ్యాస్ బిళ్ళ, రెండు రకాల యాంటీబయాటిక్స్, బిస్మత్ అని ఇంకొకటి. ఒక్క పూట కూడా తప్పకూడదు, సగంలో మానేస్తే క్రిమి మందుకి లొంగకుండా తయారవుతుంది అని గట్టిగా చెప్పారు. "బిస్మత్ వల్ల నాలుక, మోషన్ నల్లబడతాయి. ఈ నలుపుకి భయపడొద్దు. జిగురుగా, ఆ వాసనతో వస్తే మాత్రం, కళ్ళు తిరిగితే, వాంతిలో రక్తం పడితే, పొట్ట చెక్కలా బిగుసుకుపోతే ఏ అర్ధరాత్రైనా వచ్చేయండి." ఐరన్ సెలైన్‌లో కలిపి రెండు విడతలు ఎక్కించారు.

మందులు తేలికేమీ కాదు. నోరంతా ఇనుము నాకినట్టు చేదు. టిఫిన్ చూస్తే వికారం. ఐదో రోజు మానేద్దామనిపించింది. మా అమ్మాయి గోడ మీది క్యాలెండర్లో పద్నాలుగు గళ్ళు గీసి, బిళ్ళ మింగిన పూటల్లా తనే టిక్కు పెట్టింది. ఆ టిక్కుల కోసం మింగాను. వారం దాటాక ఒక రాత్రి మధ్యలో మెలకువే రాలేదు. కోడి కూతకి లేచి, వంటింట్లో బిస్కెట్ల డబ్బా మూత అలాగే ఉండడం చూసి ఎంత సంతోషమైందో.

అంతటితో అయిపోలేదు. నొప్పి తగ్గినంత మాత్రాన క్రిమి పోయినట్టు కాదన్నారు. యాంటీబయాటిక్స్ అయిపోయిన నాలుగు వారాల తర్వాత, గ్యాస్ బిళ్ళ కూడా రెండు వారాలు ఆపి, మోషన్ పరీక్ష చేయించాలి. చాలామంది ఈ పరీక్షకి రారట. నేను వెళ్ళాను. చిన్న డబ్బాలో పట్టి ఇవ్వడమే, గొట్టాలేమీ లేవు. నెగటివ్ అని వచ్చింది. మూడు నెలలు ఐరన్ బిళ్ళలు వాడాక హిమోగ్లోబిన్ 11.8కి చేరింది. ఐరన్ వేసుకున్నాక గంటన్నా టీ తాగొద్దన్నారు, నిమ్మరసంతో అయితే బాగా పడుతుందన్నారు. ఇంకో రెండు నెలలు వాడాలి.

నడుం నొప్పి మాత్రం ఉంది. మిషన్‌కి మోటారు పెట్టించాను, స్టూలు కింద రెండు చెక్కలు వేసి ఎత్తు పెంచాను, గంటకోసారి లేచి వాకిట్లో నాలుగడుగులు వేస్తున్నాను. మరీ ఓర్చుకోలేనప్పుడు డాక్టరు చెప్పిన లెక్కలో పారాసెటమాల్. పాత బిళ్ళలు ఇంట్లో ఎవరూ కొనకూడదని మా ఆయనతో ఒట్టు వేయించుకున్నాను.

కొలతలకి వచ్చే ఆడవాళ్ళు నా సంగతి విని తమ గ్యాస్ సంగతులు చెప్పడం మొదలెట్టారు. విన్నకొద్దీ ఒకరిది ఇంకొకరిది కాదు. మా మరిదికి రాత్రి పదింటికి తిని పదీ పావుకి పడుకుంటే పుల్లటి నీళ్ళు గొంతులోకి వస్తాయి. ఆయనకి తిండికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలన్నారు, మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకోమన్నారు. సగం బాధ దానితోనే పోయింది. ఒక టీచరు గారికి ఎన్నో ఏళ్ళుగా పొట్ట ఉబ్బరం, నొప్పి. మోషన్‌కి వెళ్తే తగ్గుతుంది, స్కూల్లో పరీక్షలప్పుడు పెరుగుతుంది. నిద్రలో ఎప్పుడూ రాదు, బరువు తగ్గలేదు, రక్తం బాగుంది. పరీక్షలన్నీ చేసి ఐబీఎస్, అంటే లోపల పుండూ వాపూ లేకుండానే పేగులు ఇబ్బంది పెట్టడం అన్నారు, ప్రాణానికి భయం లేదన్నారు. డిగ్రీ చదివే పిల్లకి పాలు తాగిన రోజే కడుపులో గుడగుడ, విరేచనాలు. పెరుగు, మజ్జిగ మాత్రం పడతాయి. పెద్దయ్యాక పాలలోని చక్కెర అరగకపోవడం మన వైపు చాలామందిలో ఉంటుందట. వీళ్ళందరూ ఇన్నాళ్ళూ ఒకే షాపులో ఒకే బిళ్ళ కొనుక్కున్నారు.

నేను డాక్టర్ని కాను, ఎవరికీ జబ్బు పేరు చెప్పను. ఒక్క పని మాత్రం చేస్తున్నాను. నా కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి ఇస్తున్నాను. ఎక్కడ, ఒక్క వేలితో. ఎప్పుడు. తింటే పెరుగుతుందా, తగ్గుతుందా. ఏం తింటే. నిద్ర లేపుతుందా. మోషన్ రంగు, ఎప్పటి నుంచి. బరువు. వాడే బిళ్ళలన్నీ, నడుం నొప్పివీ తలనొప్పివీ కూడా.

మొన్న వైశాఖంలో పక్కింటి వదిన, నాకు జీలకర్ర కషాయం చెప్పినావిడే, పెళ్ళిభోజనాలు తిన్న రాత్రుల్లో కుడి డొక్కలో పట్టేసి కుడి భుజం దాకా లాగుతోందంది. గ్యాసేలే అంది. కాగితం మీద ఆవిడ చేతే రాయించాను. "కుడి పక్కటెముకల కింద. నూనె వంటలు తిన్న గంటా రెండు గంటలకి. వాంతి. మూడు గంటలు ఉండి పోతుంది. ఏడాదిలో ఐదుసార్లు." ఆ కాగితం చదివిన డాక్టరు వేరే ఏమీ అడగకుండా పరగడుపున స్కానింగ్‌కి రమ్మన్నాడట. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. దసరా వెళ్ళాక ఆపరేషన్. కుట్లు ఒరుసుకోకుండా వేసుకోవడానికి వదులుగా ఉండే రెండు నైటీలు కుట్టిపెట్టమని నిన్న గుడ్డ తెచ్చి ఇచ్చింది.